బాయిలో పడిన హనుమక్క

హనుమక్క అని ఒకామె ఉండెనంట. ఎట్లాంటి మనిషంటే, పొయ్యి మీద పాలు పొంగి బూడిదలో పోతాంటే కూడా "పోనీలే, పొయ్యి పొద్దన్నించి ఏమీ తాగలేదు" అనే మనిషంట. తొందర అనేది ఆయమ్మ ఒంట్లోనే లేదు. ఇంగ మొగుడున్నాడే, ఈరన్న, ఆయప్ప దానికి పూర్తిగా ఎదురు. కాలికి చీమ కుడితే చాలు, "అయ్యో, పోతిని, కూతుర్లకి కబురు పెట్టండి" అని వీధంతా లేపుతాడు. కూతుర్లు యాడున్నారు? ఇద్దరూ అత్తగారిండ్లల్లో, పది ఆమడల దూరంలో. అయినా కబురు పెట్టమంటాడు. చెడ్డోడు కాదు పాపం. గుండె మెత్తన, అంతే. ఓ గంగీ, చెయ్యి ఆపొద్దు, చెనక్కాయలు ఒల్చుకుంటానే విను, కథ యాడికీ పోదు.

వీళ్లకి ఊరి బయట వంక, అంటే వాగు, దాని పక్కన రెండెకరాల చేను, ఆ చేన్లో ఒక కపిలబాయి. ఇప్పటి పిల్లోళ్లకి కపిల అంటే తెలీదు కదా, చెప్తా వినండి. బాయి గట్టున రెండు దూలాలు, వాటి నడుమ గిలక. గిలక మీద లావు మోకు, మోకు ఒక కొనకి తోలుబాన, ఇంకో కొన ఎద్దుల కాడికి. ఎద్దులు ఏటవాలు దారిలో దిగువకి నడిస్తే బాన నిండుగా పైకొస్తాది. ఎద్దులు ఎనక్కి ఎనక్కి అడుగేసుకుంటా ఎగువకొస్తే బాన కిందికి పోయి నీళ్లల్లో మునుగుతాది. పైకొచ్చిన బానని ఒకరు పట్టుకుని కాలువలోకి వంచాల. ఈరన్న ఎద్దుల ఎంబడి తిరుగుతాడు, హనుమక్క గట్టున నిలబడి బాన వంచుతాది. పాట మాత్రం హనుమక్కదే. ఆ ఎద్దులు రెండూ, కర్రోడు, మైలోడు, దూడలప్పటినించీ ఆయమ్మ చేతి గంజి తాగి పెరిగినాయి. ఆయమ్మ పాట ఎత్తుకుంటే నడుస్తాయి, "హో" అంటే నిలబడతాయి, "ఎనక్కి నాయనా" అంటే ఎనక్కొస్తాయి. ఈరన్న ములుకట్టె పట్టుకుని ఊరికే తోడు నడుస్తాడనుకో.

ఒకనాడు ఏమైందంటే, ఊరంతా పక్కూరి పరసకి, అదే తిరనాళ్లకి, పోయింది. పిల్లా పీచూ, కుక్కలతో సహా. వీళ్లు మాత్రం మిరపనారు ఎండిపోతాందని చేనికి వచ్చినారు. మన పక్క చుక్క వాన లేదు కానీ, ముందు దినం ఎగువ కొండల్లో మాత్రం దంచికొట్టిందంట. అది వీళ్లకి తెలీదు. పొద్దు బారెడు ఎక్కింది. ఈరన్న ఎద్దుల్ని దిగువకి తోలినాడు, బాన పైకొచ్చింది, హనుమక్క వంగి బాన పట్టుకునింది, పట్టుకుంటానే కాలికింది బండ గబుక్కున వంగింది. అంతే. బండ లోపలికి, హనుమక్క లోపలికి, బానలో నీళ్లు కూడా ఆయమ్మ నెత్తిమీదికే. దబ్బుమనింది.

మునిగి తేలింది. హనుమక్కకి ఈత వచ్చు, చిన్నప్పుడు వాళ్ల నాయన బెండ్లు కట్టి నేర్పించినాడు. గోడ పట్టుకుని చూస్తే, నీళ్లకి జానెడు పైన ఒక బండ బయటికి పొడుచుకొని ఉండాది. దాని మీదికెక్కి కూర్చుని, ముందు ముక్కులో నీళ్లు చీదుకునింది. చెయ్యి చూసుకునింది, కాలు చూసుకునింది, అన్నీ ఉండాయి. పైకి చూస్తే నలుగురు మనుషుల ఎత్తున గుండ్రంగా ఆకాశం. మెట్లు? మెట్లు ముందు ఉండేవంట, పోయిన వానలకి కూలిపోయినాయి. ఈరన్న ఈ వారం కట్టిస్తా, వచ్చే వారం కట్టిస్తా అంటానే ఉన్నాడు. అప్పుడు హనుమక్క కండ్లు మూసుకోలేదు, ఏడ్వలేదు. గుట్ట మీద ఆంజనేయసామి ఉండాడు కదా, దినామూ చేనికొచ్చేటప్పుడు ఆయమ్మ పలకరించే సామి, ఆ పక్కకి మొగం తిప్పి, పక్కింటాయనతో మాట్లాడినట్ల చెప్పిందంట. "సామీ, బాయిలో పడితిని. నాకి చేతనయ్యేది నేను చేస్తా. నాకి చేతకానిది నువ్వు చూసుకో. ఎవుర పని వాళ్లది." అని, మల్ల ఆలోచన చేసింది. బాన పైన ఏలాడతాంది. ఎద్దులు దిగువన కాడి కట్టుకుని నిలబడుండాయి. నేను ఇక్కన్నించి ఎనక్కి రమ్మంటే బాన కిందికొస్తాది, దాంట్లో కూర్చుని పాట ఎత్తుకుంటే పైకి పోతా. ఇంతే కదా. గొంతు సవరించుకుని, "కర్రోడా" అని పిలవబోయింది.

నోరు తెరిచిందో లేదో, పైన "ఏమేయ్! హనుమక్కా!" అని ఒక కేక, ఆ ఎంబడే ఆకాశంలోనించి మనిషి ఊడిపడినాడు. ఎవురు? ఈరన్న. భుజం మీద చుట్ట చుట్టిన తాడుతో సహా దూకినాడు. నీళ్లల్లో గుడగుడమని మునుగుతాంటే హనుమక్క వంగి జుట్టు పట్టి లాగి, బండ మీద పక్కన కూర్చోబెట్టింది. ఆయప్ప దగ్గు ఆగినాంక అడిగింది. "ఏమప్పా, ఎందుకు దూకితివి?" "నిన్ను కాపాడను." "నీకి ఈత వచ్చునా?" "రాదు." "మరి ఆ తాడు?" "నిన్ను కట్టి లాగను." "యాడ నిలబడి లాగుతావప్పా, ఇక్కన్నించా?" ఈరన్న తాడు చూసినాడు, పైకి చూసినాడు, పెండ్లాం మొగం చూసినాడు. "తొందరలో తోచలేదే" అన్నాడంట. హనుమక్కకి నవ్వొచ్చింది, కండ్లల్లో నీళ్లూ వచ్చినాయి. ఈత రాకుండా దూకినాడు చూడు, అనుకునింది. సరే, ఇంగ ఇద్దరం అయితిమి అని, మల్ల గొంతు సవరించుకునింది.

"కర్రోడా" అనబోతే, పైన "ఎవురదీ బాయిలో?" అని గొంతు వినపడింది. పక్క చేను నారప్ప. ఆయప్ప లావు ఎంతంటే, బండెక్కితే ఎద్దులు ఎనక్కి తిరిగి చూస్తాయంట. కీళ్ల నొప్పులని పరసకి పోకుండా చేన్లో పండుకున్నాడు, ఈరన్న కేక విని ఉరుకొచ్చినాడు. హనుమక్క కింద నించి అరిచింది, "నారప్పన్నా, గట్టు దగ్గరికి రావద్దు, బండలు వదులైనాయి!" "ఆఁ? ఏమంటివి?" "రావద్దు అంటాండా!" "వినపడలేదమ్మా, ఉండు, దగ్గరికొస్తా" అని వంగినాడు. అంతే. బాయిలో ఎనుము పడినట్ల పడినాడు. నీళ్లు లేసి బండ మీద కూర్చున్నోళ్లిద్దర్నీ మల్ల తడిపినాయి. ఆయప్పకి ఈత రాకపోయినా మునగలేదంట, కడుపు తేల్చి పట్టుకునింది. ఈరన్న తెచ్చిన తాడు ఇసిరి ఇద్దరూ లాగి బండ మీదికి ఎక్కించినారు. ఇద్దరికి సరిపోయే బండ మీద ముగ్గురు, అందులో ఒకరు నారప్ప. ఈరన్నకి అర పిర్ర మాత్రం ఆనిందనుకో.

ఇంగ ఈరన్న మొక్కులు మొదలుపెట్టినాడు. "సామీ ఆంజనేయా, గట్టెక్కిస్తే టెంకాయ కొడతా" అన్నాడు. సామి పలకలేదు. "పదకొండు కొడతా" అన్నాడు. "నూట పదకొండు!" అన్నాడు. నారప్ప కూడా కలిసినాడు, "పొట్టేలు కోస్తాం సామీ!" ఆంజనేయసామికి పొట్టేలంట! నవ్వద్దండి, అట్లా నవ్వితే పప్పులు నేలపాలైతాయి. హనుమక్క అనింది, "ఒరే నాయన్లారా, ఆయప్ప అరటిపండు తినే దేవుడు. పొట్టేలు చూపించి భయపెట్టద్దండి. మొక్కులు నోట్లోనే మొక్కుకోండి, నేను ఎద్దుల్ని పిలవల్ల." సరిగ్గా అప్పుడే ఆయమ్మ కాలికి సల్లగా తగిలింది. చూస్తే నీళ్లు. ఇందాక జానెడు కిందుండిన నీళ్లు బండ అంచుకి వచ్చినాయి. రంగు కూడా ఎర్రగా మారతాంది. ఎగువ వాన వంకలోకి దిగింది, వంక నీళ్లు గోడ సందుల్లోనించి బాయిలోకి దూరతాండాయి. అంతవరకూ ఆయమ్మకి ఇది తడిసిన కోక సంగతే. ఇప్పుడు ఇది పానాల సంగతి అయింది. మొగునికి చెప్పలేదు. చెప్తే ఏమైతాదో మనకి తెలుసు కదా.

మల్ల నోరు తెరిచింది. ఈసారి పైనించి ఇబూది రాలింది. మంత్రాల కంబన్న. దయ్యాలకి తాయెత్తులు కట్టేటాయన, పరసకే పోతాండాడు, వంక దాటను రాక ఈ దారిన తిరిగొచ్చినాడు. మనిషి లేని చేను, బాయి లోపల మూడు గొంతులు. ఆయప్ప ఏమనుకోవల్ల? "జలదయ్యాల్లారా, కదిలినారో, భస్మం చేస్తా!" అన్నాడు. "కంబన్నా, నేను హనుమక్కని" అనింది ఆయమ్మ. "ఆఁ, మీరు పేర్లు కూడా చెప్తారు, నాకి తెల్దా!" అన్నాడు. "అన్నా, నీకి దండం పెడతా, బాయి పక్కకి రావద్దు" అంటే, "చూడు, నేనంటే ఎంత భయమో" అని ఇంగా ఉషారైనాడు. కండ్లు గట్టిగా మూసుకుని, మంత్రం చదువుకుంటా, బాయి చుట్టూరా ఇబూదితో గీత గీసుకుంటా తిరిగినాడంట. ఒక చుట్టు అయింది, బండ ఊడిన సందు పక్కన పోయినాడు. రెండు చుట్లు అయింది, ఎట్లో తప్పించుకున్నాడు. మూడో చుట్టు... చెప్పాల్నా? పడినాడు. ముందు చేతిలో నిమ్మకాయ పడింది, ఎనకాల ఆయప్ప.

నలుగురు. ఒక బండ. మోకాలికి నీళ్లు. మొగోళ్లు ముగ్గురూ ముగ్గురు దేవుళ్లని ఒకేసారి పిలుస్తాండారు. హనుమక్క ఆ గలాటాలో నోరెత్తి పిలిచినా ఎద్దులకి వినపడదు. ఆయమ్మ ఏం చేసిందంటే, అరవలేదు. ఈరన్న చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడింది. ఊరికే. ఈరన్న ఆయమ్మ మొగం చూసి నిదానంగా నోరు మూసుకున్నాడు. ఆయప్ప ఆగినాంక నారప్పకి తన గొంతు తనకే వినపడి సిగ్గేసింది. కంబన్న ఒక్కడే ఎంతసేపు అరుస్తాడు? ఆపినాడు. అప్పుడు హనుమక్క పైకి చూసి, గంజి తాగను పిలిచినట్ల పిలిచింది. "కర్రోడా... మైలోడా... ఎనక్కి నాయనా, ఎనక్కి." ఏమీ లేదు. మల్ల పిలిచింది. గిలక కిర్రుమనింది. బాన ఊగింది. మూర మూరగా బాన కిందికి దిగతాంటే, ఆ ముగ్గురు మొగోళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తాండారంట.

దిగినాంక ముందు ఎవురు అని మొదలైంది. "నాకి ఆరుగురు కూతుర్లు" అన్నాడు నారప్ప. "నేను పైన ఉంటేనే మంత్రం పారతాది" అన్నాడు కంబన్న. హనుమక్క అనింది, "ముందు నారప్పన్న. ఆయప్ప పోతే మనకి నిలబడను చోటు వస్తాది." మాటకి ఎదురు లేదు. బానలో ఇరుక్కుని కూర్చున్నాడు, హనుమక్క పాట ఎత్తుకునింది.

"మెల్లంగ నడువయ్య మైలోడ నా తండ్రి,
మిరపనారు దప్పికంటే మనమే కదయ్య దిక్కు."

బాన లేసింది. సగం దూరం పోయినాక నారప్ప కిందికి చూసినాడు. కండ్లు తిరిగి, "హో దేవుడా!" అన్నాడు. హో అంటే ఏమిటి? ఎద్దులకి నిలబడమని. నిలబడినాయి. నారప్ప నడుమ దారిలో గిరగిరా తిరుగుతాండాడు. "హో దేవుడా, ఆగిపోయిందే! హో దేవుడా!" ఆయప్ప హో అనేకొద్దీ అవి ఇంగా గట్టిగా నిలబడతాయి. హనుమక్క కింద నించి చెప్పింది, "అన్నా, సామికి చెవుడు లేదు. మెల్లిగా పిలువు. పంచె కొన నోట్లో కుక్కుకోని పిలువు." కుక్కుకున్నాడు. పాట మొదలైంది, నారప్ప పైకి పోయి దూలం వాటేసుకుని గట్టు అవతలికి దొర్లినాడు. "అన్నా, నువ్వు ఇంగ ఏమీ చెయ్యద్దు, ఊరికే కూర్చో" అనింది. కూర్చున్నాడు. మల్ల కంబన్న. ఆయప్ప పోతా పోతా మంత్రం చదివినాడు, దాంట్లో యాడో "హోం హోం" అని వస్తాది. మల్ల ఎద్దులు నిలబడినాయి. "కంబన్నా, ఈ పొద్దుకి ఆ మంత్రం పక్కన పెట్టు. రామా అను చాలు, అది ఎద్దులకి అడ్డం రాదు" అనింది. రామా రామా అనుకుంటా పోయినాడు.

ఇంగ ఇద్దరు. నీళ్లు నడుముకి వచ్చినాయి. బాన దిగింది. ఈరన్న ఎక్కనన్నాడు. "నువ్వు పోయే, నేను ఉంటా." "నీకి ఈత రాదప్పా." "రాకపోనీ. నిన్ను ఇడిసి నేను పైకి పోయి ఏం చూడల్ల?" అని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. హనుమక్క తడి కొంగుతోనే ఆయప్ప మొగం తుడిచింది. "ఈ బండ మునిగితే నేను ఈదతా, నువ్వు మునుగుతావు. నువ్వు మునిగితే నేను నీకోసం మునుగుతా. లెక్క చూస్తే నువ్వు పోతేనే ఇద్దరం మిగులుతాము. ఎక్కు." ఎక్కినాడు. పైకి పోయినంతసేపూ కిందికే చూసినాడంట.

ఆయప్ప గట్టెక్కినాడో లేదో, గోడలోనించి నాలుగు బండలు ఊడి నీళ్లల్లో పడినాయి. అల వచ్చి హనుమక్కని బండ మీదనించి ఈడ్చింది. ఎర్ర నీళ్లు నోట్లోకి, ముక్కులోకి పోయినాయి. గోడ సందులో ఏళ్లు దూర్చి పట్టుకుని తేలింది కానీ, పిలుద్దామంటే గొంతు రాలేదు. "కర్..." అనింది, దగ్గు వచ్చింది. మల్ల అనింది, ఉత్త గాలి వచ్చింది. చేతులు సల్లబడినాయి. కాళ్లు వణుకుతాండాయి. అప్పుడు పైకి చూసి లోపల లోపల అనుకునింది, సామీ, నా పని నేను చేసితిని. నాకి చేతనయ్యేది అయిపోయింది. ఇంగ నీదే. అనుకుని, గోడ మాత్రం ఇడవలేదు. ఏళ్లకి పట్టు ఉన్నంతవరకూ అది తన పనే కదా.

పైన ఈరన్న "ఎనక్కి! ఎనక్కి!" అని అరుస్తాండాడు. ఎద్దులు బండల సద్దుకి బెదిరి చెవులు నిక్కించినాయి, కదల్లేదు. కట్టె ఎత్తినాడు, ఇంగా బెదిరినాయి. హనుమక్క సద్దు లేదు. ఈరన్న ఏం చేస్తాడో మీకు తెలుసు. బాయి పక్కకి ఉరికినాడు, మల్ల దూకను. నారప్ప ఎనకనించి పంచె పట్టుకున్నాడు. పంచె నారప్ప చేతిలో ఉండాది, ఈరన్న గోచీతో గట్టున నిలబడినాడు. దూకలేదు. ఎందుకు దూకలేదు అంటే, కిందికి చూస్తే పెండ్లాం మొగం కనపడింది. అరవడం లేదు, ఏడ్వడం లేదు, ఆయప్పనే చూస్తాంది. ఊరికే. ఆ చూపు చూసి ఈరన్న కట్టె పారేసినాడు. ఎద్దుల కాడికి నడిచినాడు. ఉరకలేదు, నడిచినాడు. కర్రోని మోపురం మీద చెయ్యేసి, పుట్టి బుద్దెరిగి ఎప్పుడూ పాడనోడు పాట ఎత్తుకున్నాడంట. గొంతు ఎట్లుంది? గిలకకి చమురు లేనట్ల ఉంది. మాటలు తప్పు, "మిరపనారు నా తండ్రి, మైలోడ దప్పిక" అని ఏమో పాడతాండాడు. "ఎనక్కి నాయనా" అన్నాడు హనుమక్క అన్నట్లే, మెల్లిగా. కర్రోడు చెవి తిప్పినాడు. మైలోడు ఒక కాలు ఎనక్కి ఏసినాడు.

బాన దిగింది. హనుమక్క దాంట్లో పడింది, మోకు పట్టుకునింది. ఈరన్న తప్పు పాట పాడుకుంటా ఎద్దుల ఎంబడి దిగువకి నడుస్తాంటే, బానలో కూర్చుని ఆ పాట విని, దగ్గుకుంటా, వణుక్కుంటా నవ్విందంట ఆ మహాతల్లి. కంబన్నా నారప్పా చెరో రెక్క పట్టి గట్టుకి లాగినారు. అట్లా లాగినారో లేదో, గోడ ఆ పక్కంతా బాయిలో కూలింది.

సాయంత్రం ఊరోళ్లు పరసనించి వచ్చి అడిగినారు, "అక్కా, నీకి భయం కాలేదా?" అని. "ఎందుకు కాలేదు? నీళ్లల్లో వణికితే ఎవురికి కనపడతాది?" అనిందంట. మరి సామి వచ్చినాడా అంటే, హనుమక్క వచ్చినాడు అంటాది. ఈరన్నేమో, సామి యాడొచ్చినాడు, పాడింది నేను కదా అంటాడు. నన్నడిగితే, ఈరన్న నోట్లో పాట పుట్టించడం చిన్నా చితకా దేవుని వల్ల అయ్యే పని కాదు. కానీ అప్పటినించి ఆయప్పకి పాట అలవాటైపోయిందంట. కూలిన బాయికి బదులు తవ్వుకున్న కొత్త బాయి కాడ పొద్దన్న లేస్తే పాటే, సాయంత్రం వరకూ అదే గొంతు, అవే తప్పు మాటలు. చుట్టుపక్కల చేన్లోళ్లు పని మానుకుని ఇండ్లకి పోతాండిరి. హనుమక్క గుట్ట మీదికెక్కి, "సామీ, ఇచ్చింది చాలు, ఇంగ ఆపు" అని దండం పెట్టుకునేదంట. ఆ ఒక్క మొర మాత్రం సామి వినలేదు.